న్యాయవిద్యార్థుల వృత్తి సందిగ్ధత – మనోచికిత్స పాత్ర: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
న్యాయశాస్త్రం చదువుతూ ఆ వృత్తి తమకు తగినదేనా అని సందేహించే విద్యార్థులకు మనోచికిత్స ఏ విధంగా తోడ్పడుతుందో ఈ వ్యాసం వివరిస్తుంది. వృత్తి సందిగ్ధత వ్యాధి కాదని, దానిని కుంగుబాటు నుండి, భాషాపరమైన ఇబ్బంది నుండి వేరుచేసి చూడటమే చికిత్సలో తొలి మెట్టని ప్రతిపాదిస్తుంది. హైదరాబాదులోని అబిడ్స్, నాంపల్లి పరిసరాలను, సంబంధిత చట్టనియమాలను ఇందుకు ఆధారం చేసుకుంటుంది.

కీలకపదాలు: న్యాయవిద్య, వృత్తి సందిగ్ధత, మనోచికిత్స, కుంగుబాటు, గోప్యత, నాంపల్లి.

1. ప్రవేశిక:
నాంపల్లి క్రిమినల్ కోర్టుల సముదాయం, బషీర్‌బాగ్‌లోని ఉస్మానియా విశ్వవిద్యాలయ పి.జి. న్యాయకళాశాల, ఆదివారాల్లో పాత పుస్తకాలు పరచుకునే అబిడ్స్ కాలిబాటలు ఒకదానికొకటి దగ్గరగానే ఉంటాయి. న్యాయవిద్యార్థి తాను చదివే చదువును, చేరబోయే వృత్తిని ఇక్కడ ఒకేచోట చూడగలుగుతాడు. తరగతిలో విన్న న్యాయసూత్రానికి, కోర్టు వరండాలో కనిపించే వాయిదాల నిరీక్షణకు మధ్య ఉన్న దూరం చాలామందిలో ఒక ప్రశ్నను లేవనెత్తుతుంది: ‘ఈ దారి నాదేనా?’ కుటుంబం ఈ ప్రశ్నను చంచలత్వంగా భావించవచ్చు. అధ్యాపకుడు అశ్రద్ధగా తీసుకోవచ్చు. విద్యార్థి తన అసమర్థతకు గుర్తుగా అర్థం చేసుకోవచ్చు. ఈ మూడూ తొందరపాటు నిర్ణయాలే.

2. సందిగ్ధత స్వరూపం:
మనోవిజ్ఞానవేత్త జేమ్స్ మార్షియా 1966లో యువతలో అస్తిత్వ నిర్మాణాన్ని నాలుగు స్థితులుగా వర్గీకరించాడు. వాటిలో రెండు ఇక్కడ ముఖ్యమైనవి. అన్వేషణ లేకుండానే పెద్దల ఎంపికను తనదిగా స్వీకరించడం ఒకటి. ఏ నిర్ణయానికీ కట్టుబడక వెతుకులాటలో ఉండటం రెండవది. ఇంటర్మీడియట్ పూర్తికాగానే లాసెట్ రాసి అయిదేళ్ళ కోర్సులో చేరిన విద్యార్థి మొదటి స్థితి నుండి రెండవ స్థితికి మారుతున్నప్పుడు సందేహం పుట్టడం సహజం. అది పతనం కాదు, ఎదుగుదలలో భాగం. డిగ్రీ తరువాత, కొన్నిసార్లు ఉద్యోగం చేస్తూ, మూడేళ్ళ కోర్సులో చేరినవారి సందేహం వేరు. వారిది తమ ఎంపికే. అయితే వయస్సు, సంపాదన, కుటుంబ బాధ్యతలు ఆ ఎంపికను మళ్ళీ ప్రశ్నిస్తాయి. ఈ ఇద్దరికీ ఒకే సలహా పనికిరాదు.

విద్యావిధానం పాత్ర కూడా తక్కువేమీ కాదు. అమెరికాలో కెన్నన్ షెల్డన్, లారెన్స్ క్రీగర్ రెండు న్యాయకళాశాలల విద్యార్థులను మూడేళ్ళపాటు పరిశీలించి 2007లో ఫలితాలను ప్రకటించారు. విద్యార్థి స్వేచ్ఛను, దృక్కోణాన్ని అధ్యాపకులు గౌరవిస్తున్నారని విద్యార్థులు భావించిన కళాశాలలో మానసిక క్షేమం తక్కువగా క్షీణించింది. చదువు ఫలితాలూ మెరుగ్గా ఉన్నాయి. కాబట్టి లోపాన్ని విద్యార్థి మనసులోనే వెతకడం సరికాదు.

3. సందిగ్ధత – కుంగుబాటు – భాష:
చికిత్సకుడు మొదట తేల్చుకోవలసింది ఎదురుగా ఉన్నది సందేహమా, కుంగుబాటా అన్నది. న్యాయశాస్త్రం పట్ల మాత్రమే విముఖత ఉండి, స్నేహాలు, ఆటలు, ఇతర చదువులు ఆనందాన్నిస్తుంటే అది ప్రధానంగా వృత్తి సందిగ్ధత. రెండు వారాలకు మించి దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి దెబ్బతినడం, తాను పనికిరానివాడినన్న భావన, మరణపు ఆలోచనలు ఉంటే కుంగుబాటును అనుమానించాలి. అప్పుడు వృత్తి నిర్ణయాన్ని వాయిదా వేసి ముందుగా వైద్యం అందించాలి. కుంగుబాటులో ఉన్న మనసుకు ప్రతి దారీ మూసుకుపోయినట్లే కనిపిస్తుంది. ఆ స్థితిలో చదువు మానాలన్నా, కొనసాగించాలన్నా ఆ నిర్ణయం నిలకడైనది కాదు.

తెలుగు నేలలో మూడవ అంశాన్నీ పరిశీలించాలి. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన విద్యార్థికి ఆంగ్ల తీర్పులలోని పొడవాటి వాక్యాలు కొరుకుడుపడవు. తరగతిలో మౌనంగా ఉండిపోతాడు. ‘ఇంగ్లీషు రావడం లేదు’ అన్న అనుభవం క్రమంగా ‘లా నాకు రాదు’ అన్న నిశ్చయంగా మారుతుంది. నిజానికి విచారణ న్యాయస్థానంలో సాక్షులు మాట్లాడేది ఎక్కువగా తెలుగు, ఉర్దూలే. వారి మాటలోని మెలికను పట్టుకోవడం వృత్తికి అవసరమైన సామర్థ్యమే. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ధర్మాసనం ఒక తీర్పును తెలుగులో వెలువరించడం ఈ సందర్భంలో గుర్తుంచుకోదగినది. భాషా సమస్యకు భాషా శిక్షణే పరిష్కారం. దానిని వృత్తికి తగనితనంగా పొరబడితే మంచి న్యాయవాదిని కోల్పోతాం.

4. చికిత్సా క్రమం:
ఆలోచనలను పరీక్షించే పద్ధతి, విలువలను గుర్తించే పద్ధతి, జీవితకథను చెప్పించి అందులోని సూత్రాన్ని వెతికే పద్ధతి ఇందులో ఉపయోగపడతాయి. ‘ఇప్పుడు మానేస్తే మూడేళ్ళూ వృథా’ అన్న ఆలోచనను ఉదాహరణగా తీసుకోవచ్చు. చికిత్సకుడు దీనిని కేవలం ఆలోచనాలోపంగా కొట్టిపారేయరాదు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 న్యాయవిద్యా నియమాల ప్రకారం అయిదేళ్ళ సమగ్ర కోర్సును మధ్యలో విడగొట్టి ఒక డిగ్రీతో బయటకు వెళ్ళే అవకాశం లేదు. అంటే మూడవ సంవత్సరం చివర మానేసిన విద్యార్థికి చేతిలో పట్టా ఉండదు. ఆ భయానికి వాస్తవమైన ఆధారం ఉంది. దానిని అంగీకరించిన తరువాతే ‘చదువు పూర్తిచేయడం వేరు, ప్రాక్టీసు చేయడం వేరు’ అన్న విభజన వైపు విద్యార్థిని నడిపించవచ్చు.

అదేవిధంగా న్యాయమూర్తి కావాలన్న ఆశతో చేరినవారికి 2025 మే 20న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కొత్త ప్రశ్నలు తెచ్చింది. సివిల్ జడ్జి ప్రవేశానికి మూడేళ్ళ ప్రాక్టీసును అది తిరిగి తప్పనిసరి చేసింది. సంపాదన అంతంతమాత్రంగా ఉండే తొలి సంవత్సరాలను ఎలా గడపాలన్నది కేవలం మానసిక సమస్య కాదు, ఆర్థిక సమస్య. దీనికి ఓదార్పు చాలదు, లెక్క కావాలి.

ఊహలకు బదులు అనుభవంతో నిర్ణయానికి రావడం చికిత్సలో కీలకమైన దశ. అదే నియమాలు మూడేళ్ళ కోర్సుకు కనీసం 12 వారాలు, అయిదేళ్ళ కోర్సుకు 20 వారాల ఇంటర్న్‌షిప్ నిర్దేశిస్తున్నాయి. దీనిని ధ్రువపత్రం కోసం కాక పరీక్షగా వాడుకోవచ్చు. నాంపల్లి కోర్టులో కొన్నాళ్ళు, న్యాయసేవాధికార సంస్థలో కొన్నాళ్ళు, ఒక కంపెనీ న్యాయవిభాగంలో కొన్నాళ్ళు పనిచేసి, ఏ పని తరువాత అలసటలోనూ తృప్తి మిగిలిందో రాసుకోమనడం సులభమైన, ఫలవంతమైన సాధన.

5. గోప్యత – చట్టపరమైన భరోసా:
చికిత్సకు వెళితే రేపు న్యాయవాదిగా నమోదుకు అడ్డు వస్తుందన్న భయం విద్యార్థులను వెనక్కు లాగవచ్చు. అమెరికాలోని పలు రాష్ట్రాల్లో బార్ ప్రవేశ దరఖాస్తులు మానసిక ఆరోగ్యాన్ని గురించి ప్రశ్నించడం పెద్ద వివాదమైంది. మన దేశంలో 1961 నాటి న్యాయవాదుల చట్టం 24వ సెక్షన్ అర్హతలను, 24ఎ సెక్షన్ అనర్హతలను పేర్కొంటాయి. కౌన్సెలింగ్ పొందడం 24ఎ అనర్హతలలో లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్, కొన్ని మినహాయింపులతో, వ్యక్తికి గోప్యతా హక్కునిస్తుంది. 2025 జూలైలో సుక్‌దేబ్ సాహా కేసులో సుప్రీంకోర్టు 100 లేదా అంతకు మించి విద్యార్థులున్న సంస్థలు అర్హతగల కౌన్సెలర్‌ను నియమించాలని ఆదేశించింది. విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మరణం నుండి వచ్చిన కేసు అది. అత్యవసర సమయంలో 14416 నంబరుపై టెలిమానస్ సేవ అందుబాటులో ఉంది.

6. తెలుగు వారి పూర్వానుభవం:
ఈ సందిగ్ధతకు రెండు భిన్నమైన ముగింపులను తెలుగు సాహిత్య చరిత్ర చూపుతుంది. బి.ఎల్. చదివి కొంతకాలం న్యాయవాదిగా పనిచేసిన సురవరం ప్రతాపరెడ్డి, అబిడ్స్‌లోని రెడ్డి హాస్టల్ బాధ్యతలను, 1926లో ప్రారంభమైన గోలకొండ పత్రికను తన కార్యక్షేత్రంగా చేసుకున్నారు. నాంపల్లి కేంద్రంగా దశాబ్దాలు నడిచిన తెలుగు విశ్వవిద్యాలయానికి నేడు ఆయన పేరే ఉంది. విశాఖపట్నంలో రాచకొండ విశ్వనాథశాస్త్రి న్యాయవాదిగా ఉంటూనే కోర్టు అనుభవాన్ని ‘ఆరు సారా కథలు’ వంటి రచనలుగా మలిచారు. ఒకరికి న్యాయవిద్య ప్రజాజీవితానికి దారి చూపింది, మరొకరికి న్యాయవృత్తే సాహిత్యానికి ముడిసరుకైంది. ఇద్దరి విషయంలోనూ ఆ చదువు వృథా కాలేదు.

7. ముగింపు:
మనోచికిత్స లక్ష్యం విద్యార్థిని న్యాయవృత్తిలో నిలబెట్టడమూ కాదు, దాని నుండి తప్పించడమూ కాదు. వేరొకరు చేసిన నిర్ణయాన్ని, లేదా దిగులు చేయించబోయే నిర్ణయాన్ని, తిరిగి అతని చేతికి అప్పగించడం. అందుకు చికిత్సకుడికి మనోవిజ్ఞానంతోపాటు న్యాయవిద్యా నియమాల పరిచయం, విద్యార్థి మాతృభాషలో వినగల ఓపిక అవసరం. అధ్యాపకుడి బాధ్యత అంతకంటే ముందే మొదలవుతుంది. ‘ఈ దారి నాదేనా?’ అని అడిగిన విద్యార్థిని మందలించకుండా, ఆ ప్రశ్న ఎప్పటి నుండి ఉందో, ఇంకా ఏయే విషయాల్లో ఆసక్తి తగ్గిందో అడిగి, అవసరమైతే తగిన నిపుణుడి వద్దకు పంపగలిగితే, చికిత్సలో తొలి మెట్టు తరగతి గదిలోనే పడినట్లవుతుంది.