ముస్తఫా పుట్టిల్లు ఒసాకా

దిల్‌సుఖ్‌నగర్‌లో ట్యూషన్ వదిలాక నేరుగా ఇంటికి వెళ్లని పిల్లల్లో నేనూ ఒకణ్ణి. చైతన్యపురి వైపు సందులో ఓ గేముల షాపు ఉండేది. గుమ్మానికి పాత చీర తెర, లోపల చీకట్లో మూడు నాలుగు పెట్టెలు. రూపాయి బిళ్ళకో ఆట. ఒక పెట్టె దగ్గర మాత్రం ఎప్పుడూ గుంపే. ముగ్గురు ఒకేసారి ఆడుతుంటే వెనక పదిమంది మెడలు చాచి చూసేవాళ్లు. “అన్నా, ముస్తఫాను నాకియ్యవా, నువ్వు జాక్‌ను తీస్కో!” పసుపు టోపీ పెట్టుకుని గాల్లోకి లేచి తన్నే ముస్తఫా కోసం రోజూ తగువే. మాకు ఆట పేరు కూడా అదే: ముస్తఫా గేమ్.

అసలు పేరు ‘క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్’. 1993లో ఒసాకాలోని క్యాప్‌కామ్ తయారుచేసింది. మార్క్ షుల్ట్జ్ అనే అమెరికన్ గీసిన బొమ్మల కథ దానికి మూలం.

క్యాప్‌కామ్ స్థాపకుడు కెంజో సుజిమోతో కుర్రతనంలో మిఠాయిల వ్యాపారి. పీచుమిఠాయి యంత్రం పెడితే పిల్లలు ఎలా మూగుతారో కళ్లారా చూసినవాడు. మా సందులోని గుంపును ఆయన చూసి ఉంటే వెంటనే పోల్చుకునేవాడని నా నమ్మకం. 1979లో ఐఆర్‌ఎం అనే కంపెనీ పెట్టాడు. 1983లో క్యాప్‌కామ్ వచ్చింది. ‘క్యాప్సూల్ కంప్యూటర్స్’ను కుదించి పెట్టిన పేరది. గట్టి గొట్టంలో మందు నింపినట్టు ఆటను నింపాలి, ఆ గొట్టాన్ని ఎవరూ పగలగొట్టి నకలు తీయకూడదు. పేరులోనే ఆ పట్టుదల ఉంది.

తొలి వీడియో గేమ్ ‘వల్గస్’ 1984లో, అదే ఏడు విమానాల యుద్ధం ‘1942’. 1991లో ‘స్ట్రీట్ ఫైటర్ 2’ వచ్చాక ప్రపంచమంతా గేముల షాపులు నిండిపోయాయి. ఎనిమిదిమంది యోధుల్లో మనవాడూ ఉన్నాడు, ధాల్సిమ్. మెడలో పుర్రెల దండ, సాగే చేతులు, నోట్లోంచి మంట. యోగా అంటే ఇదేనా అని మా నాయనమ్మ చూస్తే నొచ్చుకునేది. మాకు మాత్రం మన దేశపు మనిషి తెర మీద ఉండటమే పండగ.

గొట్టం పగలనే పగిలింది. ‘స్ట్రీట్ ఫైటర్ 2’కు నకలుగా పుట్టి, ‘రెయిన్‌బో’ అని పిలిపించుకున్న ఓ దొంగ సర్క్యూట్ బోర్డులో యోధులు గాల్లోంచే నిప్పులు వదిలేవారు, ఆట మధ్యలో మనిషే మారిపోయేవాడు. అమెరికాలో జనం దాని మీద ఎగబడుతున్నారని గమనించి, క్యాప్‌కామ్ 1992లో తన ఆటకే వేగం పెంచి ‘హైపర్ ఫైటింగ్’ తెచ్చింది. యజమానికి దొంగ దారి చూపాడు.

ముస్తఫా ఆటకు ఇంకా గట్టి తాళం వేశారు. శబ్దాన్ని నడిపే ప్రోగ్రాంను సంకేతాల్లో దాచి, దాన్ని విప్పే తాళంచెవిని బ్యాటరీతో బతికే మెమరీలో పెట్టారు. బ్యాటరీ అయిపోతే తాళంచెవి చెరిగిపోతుంది, బోర్డు పనికిరాకుండా పోతుంది. పాత బోర్డులు సేకరించేవాళ్లు దీన్నే ‘సూసైడ్ బ్యాటరీ’ అంటారు. దీనికీ నకళ్లు పుట్టాయి. వాటికి ఆ బ్యాటరీతో పనే లేదు. అసలుది మూగబోయాక కూడా నకలు ఆడుతూనే ఉంటుంది. అది దొంగతనమే, కాదనను. కానీ ఈ ఆట ఇంట్లో ఆడుకునే మిషన్లకు ఎన్నడూ రాలేదు. బొమ్మల కథ మీద హక్కు ఒకరిది, కారు పేరు మీద హక్కు ఇంకొకరిది.

పెట్టె ఆగిపోతే షాపాయన వెనక తలుపు తీసేవాడు. బోర్డు బయటికి లాగి, దాని అంచున వరసగా ఉన్న రాగి పళ్లను పెన్సిలు రబ్బరుతో రుద్ది, ఉఫ్‌మని ఊది, మళ్లీ నొక్కేవాడు. తెర వెలగ్గానే పదిమందీ ఒక్కసారే ఈలలు.

మా దిల్‌సుఖ్‌నగర్ మీదుగా ఎల్బీనగర్ వరకు మెట్రో 2018లో వచ్చింది. సందులో ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపు. ‘స్ట్రీట్ ఫైటర్ 2’ చివరిదాకా వెళ్లి, తయారుచేసినవాళ్ల పేర్లు చూశాను పెద్దయ్యాకే. అక్కడ అసలు పేర్లు లేవు. పోటీ కంపెనీలు తన్నుకుపోకుండా అప్పట్లో మారుపేర్లే వేసేవారట. బొమ్మలు గీసిన అకిరా యసుదా ‘అకిమన్’. రూపకర్త అకిరా నిషితాని ‘నిన్’. మా సందులోనూ అంతే. నన్ను అందరూ ‘జాక్’ అనేవారు, ముస్తఫా ఎప్పుడూ నాకు దక్కలేదు కాబట్టి.