ముందు ఉద్యోగం, తర్వాత శిక్షణ

చదువు పూర్తయ్యాక ఏం చేస్తారని ఎవరైనా అడిగితే మీలో ఒక్కొక్కరూ ఒక్కో సమాధానం చెబుతారు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పద్దెనిమిదేళ్ల అమ్మాయిని మాత్రం ఈ ప్రశ్న ఎవరూ అడగరు. పక్కనున్న తల్లిని అడుగుతారు. అదీ, "ఇంక ఇంట్లోనే ఉంచుకుంటారా?" అని అడుగుతారు. ప్రత్యేక పాఠశాలలో ఏళ్ల తరబడి కష్టపడి అక్షరాలు, అంకెలు, డబ్బు లెక్క, బస్సు ఎక్కడం నేర్చుకున్న పిల్లలు బడి ముగిశాక ఇంట్లో ఖాళీగా కూర్చుంటే, వాడుక లేక ఆ విద్యలన్నీ ఒక్కొక్కటే జారిపోతాయి. "మా తర్వాత వీళ్లకు దిక్కెవరు?" అన్న దిగులు తల్లిదండ్రులకు మిగిలిపోతుంది.

ఈ దిగులును కొంతైనా తగ్గించగలిగేది జీతం వచ్చే ఉద్యోగం. "వాళ్లు ఉద్యోగం చేయగలరా?" అనే సందేహం మీకు కలగవచ్చు. ఈ సందేహాన్ని శాస్త్రీయంగా పరిశీలించినవాళ్లు ఒక ఆసక్తికరమైన సంగతి గమనించారు. చాలా సందర్భాల్లో చిక్కు మనం నేర్పే వరుసలో ఉంది. ఆ వరుస ఏమిటో, దాన్ని ఎలా మార్చారో తెలుసుకుందాం.

వికాస వైకల్యాలు అంటే ఏమిటి?

పుట్టుకకు ముందుగానీ, బాల్యంలోగానీ మెదడు ఎదుగుదలలో వచ్చిన తేడాల వల్ల కలిగి, జీవితాంతం ఉండే పరిమితులను వికాస వైకల్యాలు అంటారు. మేధో వైకల్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ వీటిలో ముఖ్యమైనవి. మేధో వైకల్యాన్నే పాత పుస్తకాల్లో బుద్ధిమాంద్యం అని రాసేవారు. ఇప్పుడు ఆ మాట వాడటం లేదు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారి కణాల్లో 21వ క్రోమోజోము రెండుకు బదులు మూడు ఉంటుందని 1959లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. మేధో వైకల్యానికి బాగా తెలిసిన కారణాల్లో ఇదొకటి.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. మేధో వైకల్యం వేరు, మానసిక అనారోగ్యం వేరు. మేధో వైకల్యం మందులతో నయమయ్యే జబ్బు కాదు. కొత్త విషయాలు నేర్చుకోవడానికి, తర్కించడానికి, రోజువారీ పనులు చేసుకోవడానికి ఎక్కువ సమయం, ఎక్కువ సాయం అవసరమయ్యే స్థితి అది. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వైకల్యం ఉన్నవారు సుమారు 2 కోట్ల 68 లక్షల మంది. వారిలో మేధో వైకల్యం విభాగంలో నమోదైనవారు సుమారు 15 లక్షలు.

పాత వరుస

ఇరవయ్యో శతాబ్దంలో ఎక్కువ కాలం అనేక దేశాల్లో అమలైన పద్ధతి ఇది: ముందు శిక్షణ ఇవ్వాలి, తయారయ్యాక ఉద్యోగంలో పెట్టాలి. ఇందుకోసం ప్రత్యేకంగా వైకల్యం ఉన్నవారికే కార్యశాలలు ఏర్పాటు చేశారు. మన ఊళ్లలో కూడా కొవ్వొత్తులు, కాగితం కవర్లు, సుద్దముక్కలు తయారుచేయించే కేంద్రాలను మీరు చూసి ఉండవచ్చు. అక్కడ భద్రత ఉంటుంది, స్నేహితులు ఉంటారు, రోజూ బయలుదేరి వెళ్లడానికి ఒక చోటు ఉంటుంది. వీటి విలువను తక్కువ చేయకూడదు.

అయితే ఈ పద్ధతిలో రెండు లోపాలు బయటపడ్డాయి. మొదటిది ఆదాయం. ఇలాంటి చోట్ల చేతికి వచ్చేది చాలా తక్కువ. అమెరికాలో 1938 నాటి కార్మిక చట్టంలోని ఒక సెక్షను, వైకల్యం ఉన్నవారికి కనీస వేతనం కంటే తక్కువ చెల్లించేందుకు అనుమతించింది. ఆ తర్వాత అక్కడి అనేక రాష్ట్రాలు తమ పరిధిలో ఈ వెసులుబాటును రద్దు చేశాయి.

రెండో లోపం ఇంకా లోతైనది. "తయారయ్యాడు" అని చెప్పే రోజు చాలామంది విషయంలో రానే రాదు. పదేళ్లు గడిచినా శిక్షణ కొనసాగుతూనే ఉంటుంది. దీనికి ఒక శాస్త్రీయ కారణం ఉంది. ఒక చోట నేర్చుకున్నదాన్ని మరో చోట వాడుకోవడాన్ని సాధారణీకరణ అంటారు. మీరు మీ ఇంటి తాళం తీయడం నేర్చుకుంటే పక్కింటి తాళం కూడా తీయగలరు. మేధో వైకల్యం ఉన్న చాలామందికి సరిగ్గా ఈ మెట్టే కష్టం. శిక్షణ కేంద్రంలో గ్లాసులు తుడవడం బాగా వచ్చిన యువకుడు, హోటల్ వంటగదిలో చప్పుడు, తొందర, కొత్త ముఖాల మధ్య తికమకపడవచ్చు. అప్పుడు "వీడికి ఇంకా శిక్షణ చాలలేదు" అని వెనక్కి పంపేస్తారు. ఒడ్డున కూర్చోబెట్టి ఈత నేర్పుతూ, ఇంకా ఈత రాలేదని నీళ్లలోకి దిగనివ్వకపోవడం లాంటిదే ఇది.

సైకిల్ బ్రేకు చెప్పిన పాఠం

అమెరికాలోని ఇల్లినాయిస్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన మార్క్ గోల్డ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1972లో ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రచురించాడు. పెడలును వెనక్కి తొక్కితే పడే సైకిల్ బ్రేకు ఒకటి ఉంటుంది. దాన్ని 15 భాగాలుగా విడదీసి, మళ్లీ బిగించడం అతను ఇచ్చిన పని. మామూలువాళ్లకు కూడా తేలిక పని కాదిది. కార్యశాలల్లో ఉంటున్న, గణనీయమైన మేధో వైకల్యం ఉన్న యువతీ యువకులకు గోల్డ్ ఈ పని నేర్పాడు.

అతను పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టాడు. కొందరికి మరో సాయం కూడా చేశాడు. ప్రతి భాగాన్నీ సరిగ్గా పెట్టినప్పుడు మనిషివైపు కనిపించే ముఖానికి ఎర్రరంగు వేయించాడు. ఎరుపు కనిపిస్తే సరిగ్గా పెట్టినట్టు. రంగు గుర్తు ఉన్నవాళ్లు, లేనివాళ్ల కంటే చాలా త్వరగా నేర్చుకున్నారు. తర్వాత 24 భాగాలున్న మరో బ్రేకును కూడా బిగించారు.

మనుషులు అంతకుముందు వాళ్లే, వాళ్ల వైకల్యమూ అదే. మారినదల్లా నేర్పిన తీరు. కాబట్టి ఒకరికి పని రాకపోతే, నేర్పేవాడు ఇంకో దారి వెతకాలని గోల్డ్ వాదించాడు.

కొత్త వరుస

ఈ ఆలోచనల నుంచి 1970ల చివర, 1980లలో రూపుదిద్దుకున్నదే సపోర్టెడ్ ఎంప్లాయ్‌మెంట్. దీన్ని మనం ఆసరాతో ఉద్యోగం అని పిలుచుకుందాం. అమెరికాలో 1984, 1986 సంవత్సరాల చట్టాలు దీన్ని గుర్తించాయి. ముందు నిజమైన ఉద్యోగంలో చేర్చి, అక్కడే శిక్షణ ఇవ్వాలన్నది ఇందులోని మూలసూత్రం. వైకల్యం లేనివాళ్లు కూడా పనిచేసే చోటు, అదే పనికి అదే జీతం, అవసరమైనంత ఆసరా, ఈ మూడూ ఉండాలి. ఇది నాలుగు దశల్లో సాగుతుంది.

మొదటి దశ వ్యక్తిని తెలుసుకోవడం. తెలివితేటల పరీక్షలో వచ్చిన అంకె ఇక్కడ పెద్దగా పనికిరాదు. ఈమెకు ఏ పని ఇష్టం? చప్పుడు భరించగలదా? నిలబడి ఎంతసేపు చేయగలదు? బస్సులో ఒంటరిగా రాగలదా? ఇలాంటి వివరాలు సేకరిస్తారు.

రెండో దశ పనిని మలచడం. ఒక సూపర్ మార్కెట్‌ను ఊహించండి. అక్కడి సేల్స్ సిబ్బంది అమ్మకాలు ఆపి మరీ అరల్లో సరుకులు సర్దుతుంటారు, గడువు తేదీలు చూస్తుంటారు, ట్రాలీలు వెనక్కి తెస్తుంటారు. ఈ చిన్న పనులన్నీ కలిపితే ఒక ఉద్యోగం తయారవుతుంది. యజమానికి కూడా దీనివల్ల లాభమే. జాలితో ఇచ్చిన ఉద్యోగం ఎక్కువకాలం నిలవదు. అవసరం కొద్దీ పుట్టిన ఉద్యోగం నిలుస్తుంది.

మూడో దశ పనిచోట శిక్షణ. దీన్ని నిర్వహించే వ్యక్తిని జాబ్ కోచ్ అంటారు. ఉదాహరణకు, హోటల్లో టేబుల్ శుభ్రం చేసి సిద్ధం చేయడాన్ని కోచ్ 12 మెట్లుగా రాసుకున్నాడనుకోండి. ప్రతి మెట్టు దగ్గరా కొన్ని క్షణాలు ఆగి చూస్తాడు. పని జరగకపోతే వేలితో చూపిస్తాడు. అదీ చాలకపోతే మాటతో చెబుతాడు, ఆపైన చేసి చూపిస్తాడు, చివరికి చేయిపట్టి చేయిస్తాడు. ఏ మెట్టు ఎవరి సాయం లేకుండా జరిగిందో రోజూ పట్టికలో గుర్తు పెడతాడు. మొదటి రోజు 12లో 3 సొంతంగా జరిగి, మూడో వారానికి 10 జరిగితే, మిగిలిన రెండు మెట్లు ఎందుకు ఆగుతున్నాయో చూసి అక్కడ పద్ధతి మారుస్తాడు. మీరు ప్రయోగశాలలో రీడింగులు రాసుకున్నట్టే ఇది కూడా కొలిచి, సరిచూసుకునే పని.

నాలుగో దశ ఆసరాను తగ్గించడం. ఇంటికి శ్లాబు వేసినప్పుడు సెంట్రింగ్ కడతారు కదా! కాంక్రీటు గట్టిపడకముందే తీస్తే కూలిపోతుంది. ఎన్నాళ్లైనా తీయకపోతే ఇల్లు వాడుకోలేం. జాబ్ కోచ్ కూడా అలాగే మెల్లగా వెనక్కి తగ్గుతాడు. రోజంతా ఉన్నవాడు పూటకు, తర్వాత వారానికి ఒకసారికి మారతాడు. అతని స్థానాన్ని తోటి ఉద్యోగులు తీసుకుంటారు. అయితే ఇక్కడ ఆసరా పూర్తిగా ఆగిపోదు. సూపర్‌వైజర్ మారినా, బస్సు వేళ మారినా, ఇంట్లో ఎవరైనా చనిపోయినా కోచ్ మళ్లీ వస్తాడు.

ఆసుపత్రిలో ఒక ప్రయత్నం

1996లో అమెరికాలోని సిన్సినాటి నగరంలో, పిల్లల ఆసుపత్రి అత్యవసర విభాగాన్ని ఎరిన్ రీల్ అనే నర్సు నిర్వహించేది. ఆ విభాగంలో సరంజామా సర్దే పని సరిగ్గా జరిగేది కాదు. ఆ పని చాలా మెట్లున్నది, కానీ ఒక క్రమంలో మళ్లీ మళ్లీ వచ్చేది. వికాస వైకల్యం ఉన్నవారికి ఈ పని నేర్పితే ఎలా ఉంటుందని ఆమె ఆలోచించింది. అక్కడ మొదలైనదే ప్రాజెక్ట్ సెర్చ్. బడి చివరి సంవత్సరాన్ని విద్యార్థులు తరగతి గదిలో కాకుండా ఆసుపత్రి వంటి పనిచోటనే వేర్వేరు విభాగాల్లో గడుపుతారు.

వర్జీనియాలో పాల్ వేమన్ బృందం ఈ పద్ధతిని ఆటిజం ఉన్న యువతపై పరీక్షించి 2014లో ఫలితాలు ప్రచురించింది. ఎవరు ఏ గుంపులో ఉండాలన్నది యాదృచ్ఛికంగా నిర్ణయించారు. ఆసుపత్రిలో శిక్షణ పొందిన 24 మందిలో 21 మందికి ఉద్యోగం వచ్చింది. మామూలు బడి సేవలు మాత్రమే అందిన 16 మందిలో ఒక్కరికే వచ్చింది. సంఖ్యలు చిన్నవే, కాబట్టి జాగ్రత్తగా చూడాలి. అయినా తేడా ఎంతటిదో గమనించండి.

మన దేశంలో

1995 నాటి వికలాంగుల చట్టం ప్రభుత్వ ఉద్యోగాల్లో 3 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. కానీ చూపు, వినికిడి, కదలికలకు సంబంధించిన వైకల్యాలకే అది పరిమితమైంది. మేధో వైకల్యం ఉన్నవారికి అందులో చోటు దక్కలేదు. 2016 చట్టం రిజర్వేషన్‌ను 4 శాతానికి పెంచింది. అందులో 1 శాతాన్ని ఆటిజం, మేధో వైకల్యం, అభ్యసన వైకల్యం, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి కలిపి కేటాయించింది. వీరు కూడా ఉద్యోగం చేయగలరని చట్టం ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. అయితే రిజర్వేషన్ తలుపు తెరుస్తుందే తప్ప, లోపలికి వచ్చాక పక్కన నిలబడి పని నేర్పదు. దానికి మనిషి కావాలి.

అలాంటి మనుషులను తయారుచేసే సంస్థల్లో ముఖ్యమైనది మన సికింద్రాబాద్‌లోనే ఉంది. 1984లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థగా ఏర్పడి, తర్వాత పేరు మార్చుకున్న ఈ జాతీయ సంస్థ ప్రత్యేక ఉపాధ్యాయులకు, పునరావాస నిపుణులకు శిక్షణనిస్తోంది.

ప్రైవేటు రంగంలోనూ ప్రయత్నాలు జరిగాయి. జర్మనీకి చెందిన ఎస్ఏపీ సంస్థ బెంగళూరు కేంద్రంలో ఆటిజం ఉన్న కొందరిని సాఫ్ట్‌వేర్ పరీక్షించే పనిలోకి తీసుకుంది. 2013లో ఆ పద్ధతిని ఇతర దేశాలకూ విస్తరిస్తున్నట్టు ప్రకటించింది. అలీనా ఆలం 2017లో కర్ణాటకలో ప్రారంభించిన మిట్టి కేఫ్‌లలో వంట, వడ్డన, గల్లాపెట్టె పనులను వైకల్యం ఉన్నవారే చూస్తారు. 2023లో సుప్రీంకోర్టు ఆవరణలోనూ ఒకటి తెరిచారు. అక్కడ పనిచేసేవారిలో ఎక్కువమంది వైకల్యం ఉన్నవారే కాబట్టి ఇది మనం చెప్పుకున్న నిర్వచనానికి కొంచెం పక్కగా ఉంటుంది. అయినా వారి పనితనాన్ని వేలమంది కళ్లారా చూడటానికి అది వీలు కల్పించింది.

చిక్కులు లేవా?

ఉన్నాయి. ఒక్కొక్కరికి విడిగా కోచ్ కావాలంటే మొదట్లో ఖర్చు ఎక్కువ. శిక్షణ పొందిన కోచ్‌లు తక్కువ. ఉద్యోగం పోయిన సందర్భాలను చూస్తే, పని రాకపోవడం కంటే చుట్టుపక్కలి కారణాలే తరచూ కనిపిస్తాయి: భోజన విరామం అయిపోయిందని ఎవరూ చెప్పకపోవడం, వెటకారం, సూచనలన్నీ ఒకేసారి గబగబా చెప్పడం. కొందరు తల్లిదండ్రులు కూడా భయపడతారు. బయట తమ బిడ్డను ఎవరైనా మోసగిస్తారేమోనన్న ఆ భయం అర్థంలేనిది కాదు. ఆసరా అంటే పని నేర్పడంతో పాటు ఈ రక్షణ కూడా.

ఇక్కడే మీ పాత్ర వస్తుంది. రేపు మీలో కొందరు మేనేజర్లవుతారు, కొందరు దుకాణాలు పెడతారు, చాలామంది ఎవరో ఒకరికి తోటి ఉద్యోగులవుతారు. పక్కన కూర్చున్న వ్యక్తికి ఒక్కో సూచన విడిగా చెప్పడానికి డిగ్రీ అవసరం లేదు. "ఇతను చేయగలడా?" అని అడిగేముందు "ఇతనికి ఏ ఆసరా ఉంటే చేయగలడు?" అని అడగండి. మొదటి ప్రశ్నకు అవును, కాదు అనే సమాధానాలే ఉంటాయి. రెండో ప్రశ్న మీకు చేయడానికి ఏదో ఒక పని చూపిస్తుంది.

చేసి చూడండి

1. టీ కాయడాన్ని మెట్లుగా రాయండి. ఆ కాగితం చదివి మీ మిత్రుడు, అందులో ఉన్నది మాత్రమే చేస్తూ టీ కాయగలిగాడా? ఏ మెట్టు రాయడం మరిచారు?

2. మీ కళాశాల గ్రంథాలయం, క్యాంటీన్, ఆఫీసుల్లో సిబ్బందికి తీరిక లేక వాయిదా పడుతున్న చిన్న పనులు ఏమిటి? వాటిని కలిపి ఒక ఉద్యోగంగా మలచండి.

3. మీ ఊళ్లోని ప్రత్యేక పాఠశాలలో చదువు ముగించినవారు ఇప్పుడు ఏం చేస్తున్నారో అడిగి తెలుసుకోండి.