రాతి తీగలు పట్టు మీదకి పాకాయి

సముద్రం పక్కన ఉన్నవాళ్లు అలల్ని చూసి డిజైన్లు గీస్తారు. మన హిందూపురం వైపు అలలెక్కడివి? ఉన్నవన్నీ రాళ్లే. కాకపోతే ఆ రాళ్ల మీద తీగలు పాకుతుంటాయి.

లేపాక్షి వెళ్లిన వాళ్లలో చాలామంది వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి, ఓ రీల్ తీసుకుని వచ్చేస్తారు. ఈసారి వెళ్తే లతామండపం దగ్గర కాసేపు ఆగండి. స్తంభాల నిండా పూలు, పక్షులు, మెలికలు తిరిగిన తీగలు. మా పిన్ని ఓ స్తంభం ముందు నిలబడిపోయి, ఇది తన పెళ్లి చీర అంచేనని పట్టుబట్టింది. పిన్ని మాట కొట్టిపారేయలేం. అచ్యుతదేవరాయల కాలంలో, 16వ శతాబ్దంలో, విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించిన గుడి ఇది. ఇక్కడి శిల్పాల డిజైన్లు ధర్మవరం చీరల అంచుల్లోకీ కొంగుల్లోకీ దిగాయి. తలెత్తి చూస్తే, కప్పు మీది బొమ్మల్లోని ఆడవాళ్ల చీరలకీ రకరకాల అంచులు కనిపిస్తాయి.

రాయి మీది వంపు పట్టులోకి రావడం మాత్రం తేలిక కాదు. మగ్గానికి వంపు తెలీదు. దానికి తెలిసింది నిలువు పడుగు, అడ్డం పేక, అంతే. అందుకే డిజైన్ గీసేవాళ్లు తీగని ముందు గ్రాఫ్ పేపర్ మీద చిన్న చిన్న గళ్లుగా విడగొడతారు. దగ్గర్నుంచి చూస్తే అది తీగలా ఉండదు, మెట్లలా ఉంటుంది. ఆ గళ్లని బట్టి అట్టలకి చిల్లులు కొడతారు. ఏ పోగు లేవాలో ఏది ఆగాలో జకార్డ్‌కి చెప్పేది ఆ చిల్లులే. పోగు ఎంత సన్నమైతే మెట్లు అంతగా కలిసిపోయి, మళ్లీ తీగ అవుతాయి. నా లెక్కలో శిల్పమంటే ఇదే. ఉలి ఒక్కటే లేదు.

ఆ సన్నపోగు మొదలయ్యేది హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్లో. మంచి బైవోల్టిన్ గూడు ఒక్కదాన్నుంచే దాదాపు కిలోమీటరు దారం వస్తుంది. అక్కడ రైలెక్కితే పెనుకొండ మీదుగా ధర్మవరం. 1565 తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులకి రాజధాని అయిన పెనుకొండ, ఈ తరానికి కియా కార్ల ఊరు. మగ్గం గుంటలో కూర్చోవాలా, ఫ్యాక్టరీ బస్సెక్కాలా అని ఓ నేతన్న కొడుకు ఆలోచిస్తే తప్పుపట్టలేం.

ఎందుకంటే రోజుల తరబడి నేసిన డిజైన్ ఫోటో వాట్సాప్‌లో తిరిగి, మరమగ్గం ఎక్కేస్తుంది. అంచు, కొంగుల్లో ఇలాంటి పనితనం ఉన్న పట్టుచీరలు చేనేతకే చెందాలని 1985లోనే చట్టం వచ్చింది. ధర్మవరం పట్టుకి జీఐ గుర్తింపూ ఉంది. అయినా కాపీలు ఆగట్లేదు.

కొనేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. సిల్క్ మార్క్ ఉంటే అది అసలు పట్టని మాత్రమే అర్థం, చేత్తో నేసిందని కాదు. దానికి హ్యాండ్‌లూమ్ మార్క్ వేరే ఉంటుంది. మొన్న ఓ షాపులో రెండూ అడిగా. మొదటిది వెంటనే చూపించారు. రెండోది అడిగేసరికి కూల్‌డ్రింక్ తెప్పించారు.