అన్నము మానినంతనే కొవ్వు కరగునా?

వికారాబాదు పట్టణమునకు చేరువనున్న అనంతగిరి కొండలు రెండు విధముల ప్రసిద్ధములు. మూసీ నది ఇచ్చటనే పుట్టినది. క్షయరోగుల చికిత్సాలయము కూడ ఈ కొండమీదనే వెలసినది. క్షయకు నేటి మందులు రాకపూర్వము కొండగాలి, విశ్రాంతి, పాలతోను గ్రుడ్లతోను కూడిన పుష్టికరమైన ఆహారము - ఇవియే చికిత్సగా నుండెడివి. రోగి ఒళ్ళు చేసినచో కోలుకొనుచున్నాడని వైద్యులు సంతసించెడివారు. నేడు అట్టి కొండదారులలోనే ఒళ్ళు తగ్గుటకై తెల్లవారకమునుపే నడచువారు కనబడుచున్నారు.

అట్లు నడచి ఇల్లు చేరినవారిలో అనేకులకు కలుగు సందేహము ఒకటి కలదు. "అన్నము, రొట్టె పూర్తిగా మానివేసినచో నెలలోనే తగ్గుదుమట. మానవచ్చునా?" ఈ ప్రశ్నకు అవునని గాని, కాదని గాని ఒక్కమాటలో చెప్పుట తగదు. విషయమును కొంచెము విపులముగా తెలిసికొందము.

ఈ పథ్యము ఎక్కడిది?

ఇది క్రొత్తది కాదు. 1863లో విలియం బాంటింగ్ అను లండను వ్యాపారి తన వైద్యుని సలహాపై రొట్టె, చక్కెర, బంగాళాదుంప, బీరు మాని బరువు తగ్గి, ఆ వృత్తాంతమును చిన్న పుస్తకముగా అచ్చువేయించెను. 1921లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యుడు రస్సెల్ వైల్డర్ మూర్ఛరోగులకై కొవ్వు మిక్కుటముగాను, పిండిపదార్థము అత్యల్పముగాను ఉండు 'కీటోజెనిక్' పథ్యమును ప్రతిపాదించెను. 1972లో డాక్టర్ అట్కిన్స్ వ్రాసిన పుస్తకముతో ఈ పద్ధతి బరువు తగ్గుటకై లోకమంతట వ్యాపించెను.

తెలుగునాట 2017, 2018 సంవత్సరములలో విజయవాడకు చెందిన వీరమాచనేని రామకృష్ణ గారి ఉపన్యాసములవలన ఇది ఇంటింటి మాట అయినది. అన్నము, రొట్టె, చక్కెర, పండ్లు మాని, దినమునకు 70 గ్రాములకు తక్కువ కాకుండ కొబ్బరినూనె వంటి కొవ్వు, 3 నిమ్మకాయలు, 4 లీటర్ల నీరు, విటమిన్ మాత్రలు పుచ్చుకొనుట దీని ముఖ్య విధానము. బరువు, చక్కెర తగ్గినవని సంతసించినవారు అనేకులు. ఇది అపాయకరమని హెచ్చరించిన వైద్యులును అనేకులే. టెలివిజనులలో ఈ వాదము చాలకాలము సాగినది.

శరీరములో జరుగునదేమి?

మనము తిను పిండిపదార్థములో కొంత భాగము 'గ్లైకోజెన్' అను రూపమున కాలేయమునందును కండరములందును నిలువయుండును. ఈ నిలువ సుమారు 400 నుండి 500 గ్రాములు. ప్రతి గ్రాముతోను దాదాపు 3 గ్రాముల నీరు చేరియుండును. అన్నము మానిన మొదటి రెండు మూడు దినములలో ఈ నిలువ ఖర్చగును. దానిని అంటియున్న నీరును మూత్రముగా వెడలిపోవును. మొదటి వారమున బరువు చూచుకొని ఆనందించువారు గ్రహింపవలసినది ఇదియే. తగ్గినదానిలో అధికభాగము కొవ్వు కాదు, నీరు. మరల అన్నము తినగనే ఆ నీరు తిరిగి చేరును.

ఆ పిదప శరీరము కొవ్వును కరగించి 'కీటోను'లను తయారుచేసికొని వానితో పని గడుపుకొనును. ఆకలి కొంత మందగించును. నీటితోపాటు ఉప్పు కూడ వెడలిపోవుటచే తలనొప్పి, తలతిరుగుట, కాళ్ళు పీకుట కలుగును. పీచు తగ్గుటచే మలబద్ధము ఏర్పడును.

ఈ పథ్యమువలన లాభమే లేదనుట సత్యము కాదు. రక్తములో చక్కెర, ట్రైగ్లిజరైడులు అనేకులకు తగ్గును. కాని బరువు విషయమున ఇతర పథ్యములకంటె ఇది చాల గొప్పదనుటకు ఆధారము బలముగా లేదు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారు 609 మందిని రెండు జట్లుగా విభజించి ఒక జట్టుకు కొవ్వును, రెండవ జట్టుకు పిండిపదార్థమును తగ్గించి ఏడాదిపాటు పరిశీలించి, 2018లో ఫలితములను ప్రకటించిరి. మొదటి జట్టువారు సగటున 5.3 కిలోలు, రెండవ జట్టువారు 6 కిలోలు తగ్గిరి. ఈ వ్యత్యాసము లెక్కింపదగినది కాదని తేలినది.

కొబ్బరినూనె సంగతియు యోచింపవలెను. 70 గ్రాముల నూనెలో 630 కేలరీలు, సుమారు 60 గ్రాముల సంతృప్త కొవ్వు ఉండును. దినమునకు 2000 కేలరీలు తినువారికి ఈ రకపు కొవ్వు 22 గ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. కొందరిలో దీనివలన చెడు కొలెస్టరాలు మిక్కిలి పెరుగును.

ప్రమాదము ఎవరికి?

ఒక యింటిని ఊహింపుడు. తాండూరులో నాపరాళ్ళ వ్యాపారము చేయు ఏబదియేండ్ల గృహస్థు. ఎనిమిదేండ్లుగా మధుమేహమునకు మాత్రలు వాడుచున్నాడు. మిత్రుడు తగ్గినాడని విని తానును రొట్టె, అన్నము మానినాడు. మాత్ర మాత్రము యథాప్రకారము వేసికొన్నాడు. మూడవదినము పదకొండు గంటలకు చెమటలు పట్టి, చేతులు వణకి, మాట తడబడినది. ఇంటివారు వాయువనుకొని వాముకషాయము కాచుచున్నారు. అది వాయువు కాదు, రక్తములో చక్కెర పడిపోవుట. మాత్ర చక్కెరను తగ్గించుచునే యున్నది, తగ్గించుటకు తగిన ఆహారము మాత్రము లోపల లేదు. ఆ సమయమున మూడు చెంచాల చక్కెర నీటిలో కలిపి త్రాగింపవలెను. పావుగంటలో తేరుకొననిచో మరల ఇచ్చి, తేరుకొనిన పిదప ఆహారము పెట్టవలెను. స్పృహ తప్పినచో నోట ఏమియు పోయక వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.

కావున ఇన్సులిన్, గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వాడువారు వైద్యునితో చెప్పి మందు మోతాదు సవరింపజేసికొననిదే అన్నము మానరాదు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రలు వాడువారికి ఈ పథ్యమున చక్కెర పెరుగకుండగనే రక్తము ఆమ్లముగా మారు ప్రాణాపాయస్థితి కలుగవచ్చును. వాంతులు, కడుపునొప్పి, ఆయాసము దీని గుర్తులు. మూత్రపిండములు చెడినవారు, గర్భిణులు, పాలిచ్చు తల్లులు, పెరుగు వయసు పిల్లలు ఈ పథ్యము జోలికి పోరాదు. రక్తపోటు మాత్రలు వాడువారికి లేచి నిలువగనే కళ్ళు తిరుగవచ్చును. త్వరితముగా చిక్కువారికి పిత్తాశయమున రాళ్ళు ఏర్పడుటయు కలదు.

చరకుని మాట

చరకసంహిత సూత్రస్థానమున 21వ అధ్యాయము స్థూలకాయమును గూర్చి విపులముగా చెప్పినది. మేదస్సు మార్గములను కప్పుటచే కోష్ఠమందలి వాయువు జఠరాగ్నిని ప్రజ్వలింపజేయునని, అందుచే స్థూలునికి ఆకలిదప్పులు అధికములని దాని భావము. అట్టి ఆకలిగలవాని కడుపును ఒక్కసారిగా మాడ్చిన బాధ పెరుగునే గాని తగ్గదు. అందుకే చరకుడు ఉపాయముగా ఒక సూత్రము చెప్పినాడు. ఆహారము జీర్ణమగుటకు గురువుగా నుండవలెను, కాని శరీరమును పెంచునది కారాదు. కడుపు నిండవలెను, కొవ్వు నిండరాదు.

అట్టి ఆహారమేది? చరకుని జాబితాలో యవలు, కొఱ్ఱలు, చామలు, అరికెలు, పెసలు, ఉలవలు కలవు. వానితోపాటు 'జూర్ణాహ్వ', 'ఆఢకి' అను రెండు పేర్లు కలవు. మొదటిది జొన్న, రెండవది కంది. ఆ కందిని పటోలముతోను, ఉసిరికతోను కలిపి తినుమనియు చెప్పబడినది. తాండూరు ప్రాంతపు నల్లరేగడి నేలలు ఏ రెండు పంటలకు పేరుగాంచినవో ఆ రెండును స్థూలుని పథ్యములో చేరియున్నవి! తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించిన సంగతి పాఠకులకు విదితమే. 1983లో కిలో 2 రూపాయల బియ్యము వచ్చిన పిదప మన పళ్ళెములలో అన్నము పెరిగి, జొన్నగటక, అంబలి వెనుకబడినవి.

ఒక భ్రమ విడువవలెను

జొన్నలో పిండిపదార్థము లేదనుకొనుట పొరపాటు. 100 గ్రాముల బియ్యములో 78 గ్రాములు, జొన్నలో 68 గ్రాములు పిండిపదార్థమే. అసలు భేదము పీచులో కలదు. బియ్యములో 3 గ్రాములు, జొన్నలో 10 గ్రాములు. మరియొక భేదము తిను తీరులో కలదు. అన్నము లెక్కకు రాదు, రొట్టె లెక్కకు వచ్చును. నమలి తినవలసినది గనుక కడుపు నిండినట్లు తెలియుటకు వ్యవధి దొరకును.

మధ్యాహ్నము 150 గ్రాముల బియ్యపు అన్నము తినువారు దానికి బదులు 50 గ్రాముల పిండితో చేసిన రొట్టెలు రెండు తినినచో పిండిపదార్థము 117 గ్రాముల నుండి 68 గ్రాములకు దిగును. సుమారు 200 కేలరీలు తగ్గును. నాలుగైదు రొట్టెలు తినినచో ఈ లాభమంతయు పోవును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన సూచనలును ధాన్యములనుండి లభించు శక్తి 45 శాతము మించరాదనియే చెప్పుచున్నవి. తగ్గించుమనియే గాని, మానుమని కాదు.

ఆచరింపదగిన విధానము

ఉదయము: ఒక గ్లాసు జొన్నంబలిలో వెన్న తీసిన మజ్జిగ కలిపి, లేదా రెండు పెసరట్లు.

మధ్యాహ్నము: జొన్నరొట్టెలు రెండు, పొట్లకాయ ఉసిరిక వేసిన కందిపప్పు ఒక కప్పు, ఆకుకూర, మజ్జిగ.

సాయంకాలము: ఉడికించిన ఉలవలు లేదా పెసలు గుప్పెడు. టీలో చక్కెర మానవలెను.

రాత్రి: ఎనిమిది గంటల లోపల ఒక రొట్టె, కూర. మాంసాహారులు గ్రుడ్డు గాని చేప గాని తినవచ్చును.

గృహవైద్యము: రాత్రి పడుకొనబోవునప్పుడు అరచెంచా త్రిఫలాచూర్ణము గోరువెచ్చని నీటితో సేవించిన మలబద్ధము తొలగును. గర్భిణులు, విరేచనములు అగుచున్నవారు దీనిని వాడరాదు. దాహమునకు పలుచని బార్లీనీరు మంచిది. తేనెనీటిని చరకుడు అనుపానముగా చెప్పినను, తేనె చాలవరకు చక్కెరయే గనుక మధుమేహులు మానవలెను. ఇవి పథ్యమునకు తోడుపడునవే గాని, వానంతట అవి కొవ్వును కరగించునవి కావు.

ముఖ్య గమనిక: పురుషులకు నడుము 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించినచో జాగ్రత్త వహింపవలెను. పథ్యమునకు ముందు చక్కెర, కొలెస్టరాలు, క్రియాటినిన్ పరీక్షలు చేయించుకొనుడు. ఏ ప్రయత్నమును లేకుండగనే బరువు తగ్గుచున్నచో సంతోషింపక క్షయ, మధుమేహము మొదలగువానికై పరీక్ష చేయించుకొనుడు. నెలకు ఒకటి రెండు కిలోలు తగ్గిన చాలును. పదియేండ్లుగా చేరిన కొవ్వును పదిదినములలో పోగొట్టబూనుట అవివేకము. జీవితాంతము తినగలిగిన పథ్యమే పథ్యము. తక్కినది వ్రతము, వ్రతము ముగిసిన నాడే బరువు తిరిగి వచ్చును.