ఉక్కు ఊరి వాడు విశాఖలో గెలిచాడు

కంచరపాలెం: రైల్వే క్వార్టర్లు, ఐటిఐ, పాలిటెక్నిక్, పారిశ్రామిక వాడల నడుమ పెరిగిన ఈ పేటలో కుర్రాళ్లకు క్యారమ్స్ గురించి కొత్తగా చెప్పాల్సింది లేదు. స్ట్రైకర్ ఏ కోణంలో తగిలితే కాయిన్ ఎటు పోతుందో, రెడ్ పడ్డాక ఫాలో ఎలా వెయ్యాలో వారికి తెలుసు. అదే లెక్క పన్నెండు అడుగుల బల్ల మీద, కర్రతో, బంతులతో సాగితే అది స్నూకర్. పెద్దల క్లబ్బుల ఆటగా పేరుపడిన ఈ ఆటలో ప్రపంచ మేటి ఒకడు, కంచరపాలెం మెట్టుకు కొద్ది మైళ్ల దూరాన ఉన్న బీచ్ రోడ్డులోనే కప్పు గెలుచుకుని వెళ్లాడు. అతడే స్కాట్లండ్‌కు చెందిన జాన్ హిగ్గిన్స్. ఆ రోజు 2017 సెప్టెంబరు 16.

స్నూకర్ మన దేశంలో పుట్టిన ఆటే. 1875లో జబల్‌పూర్‌లో ఉన్న బ్రిటిష్ సైనికాధికారి నెవిల్ చాంబర్లేన్ దీనికి శ్రీకారం చుట్టాడు. తర్వాత ఊటీ క్లబ్బులో నిబంధనలు కుదురుకున్నాయి. బల్ల మీద ఎర్ర బంతులు పదిహేను. ఒక్కొక్కదానికి ఒక పాయింటు. ఎర్రది వేసిన ప్రతిసారీ ఒక రంగు బంతిని వెయ్యాలి. పసుపుకు రెండు మొదలు నలుపుకు ఏడు వరకు పాయింట్లు. ఒక్క విడతలో తప్పు లేకుండా, ప్రతి ఎర్ర బంతి వెంట నల్ల బంతిని వేస్తూ బల్ల ఖాళీ చేస్తే 147. ఎదుటివాడు ఆడుతున్నంతసేపూ కుర్చీలో కూర్చుని చూడటం తప్ప చేసేదేమీ ఉండదు. చేతివాటం ఎంత అవసరమో ఓర్పూ అంత అవసరం.

ఒక కొలిమి ఆరింది, ఒకటి వెలిగింది

హిగ్గిన్స్ 1975 మే 18న విషా అనే చిన్న పట్టణంలో పుట్టాడు. దాని పొరుగునే రేవెన్స్‌క్రెయిగ్ ఉక్కు కర్మాగారం ఉండేది. ఆ ప్రాంతానికి అదే అన్నదాత. 1992 జూన్‌లో అది మూతపడింది. అదే ఏడాది ఆగస్టు 1న విశాఖ ఉక్కు కర్మాగారాన్ని ప్రధాని పి.వి.నరసింహారావు జాతికి అంకితం చేశారు. పదిహేడేళ్ల హిగ్గిన్స్ ప్రొఫెషనల్ ఆటగాడైందీ ఆ సంవత్సరమే. అతడితోపాటే రానీ ఓసులివాన్, మార్క్ విలియమ్స్ బరిలోకి దిగారు. ఆ ముగ్గురూ తర్వాత మూడు దశాబ్దాలపాటు ఈ ఆటను ఏలారు.

1994-95 సీజన్‌లో ఇరవై ఏళ్లు నిండకముందే మూడు ర్యాంకింగ్ పోటీలు గెలిచి హిగ్గిన్స్ అందరి దృష్టిలో పడ్డాడు. 1998లో కెన్ డోహర్టీని 18-12తో ఓడించి తొలిసారి ప్రపంచ విజేత అయ్యాడు. 2007లో మార్క్ సెల్బీపైన, 2009లో షాన్ మర్ఫీపైన గెలిచి మరి రెండుసార్లు ఆ కిరీటం అందుకున్నాడు. 1977 నుంచి ప్రపంచ పోటీలు జరుగుతున్నది మరో ఉక్కు నగరమైన షెఫీల్డ్‌లోని క్రూసిబుల్ థియేటర్‌లో. క్రూసిబుల్ అంటే లోహం కరిగించే మూస. పేరులోనే కంచరి పలికే కంచరపాలెంలో మూస అంటే ఏమిటో వేరే చెప్పనక్కర లేదు.

పేరు పోయిన ఏడాది

2010 మేలో పిడుగు పడింది. డబ్బు తీసుకుని కొన్ని ఫ్రేములు ఓడిపోయేందుకు అంగీకరించినట్టు మాట్లాడుతుండగా, ఒక బ్రిటిష్ పత్రిక మారువేషంలో పంపిన విలేకరులు కీవ్ నగరంలో అతడిని రహస్యంగా చిత్రీకరించారు. అప్పటికి అతడు ప్రపంచంలో నంబర్ వన్. విచారణలో మ్యాచ్ ఫిక్సింగ్ అభియోగాలను ఉపసంహరించారు. కానీ అలాంటి మాటలు సాగనిచ్చినందుకు, వాటిని అధికారులకు తెలియజేయనందుకు ఆరు నెలల నిషేధం, 75 వేల పౌండ్ల జరిమానా పడ్డాయి. ఒక్క ఫ్రేమూ అమ్ముకున్నట్టు తేలకపోయినా, ఏళ్ల తరబడి సంపాదించిన మంచిపేరుకు మచ్చ పడింది.

నిషేధం ముగిశాక నవంబరులో తిరిగి వచ్చాడు. డిసెంబరులో యు.కె. చాంపియన్‌షిప్ ఫైనల్లో పాత మిత్రుడు విలియమ్స్ 9-5తో ముందున్నాడు. ఇంకొక్క ఫ్రేము పోతే ఆట ముగిసినట్టే. హిగ్గిన్స్ వరుసగా అయిదు ఫ్రేములు గెలిచి 10-9తో కప్పు దక్కించుకున్నాడు. 2011 ఫిబ్రవరిలో తండ్రి క్యాన్సర్‌తో కన్నుమూశాడు. ఆ మేలోనే జడ్ ట్రంప్‌ను 18-15తో ఓడించి నాలుగోసారి ప్రపంచ విజేతగా నిలిచాడు. పోయిన పేరుకు సంజాయిషీలతో కాదు, బల్ల దగ్గరే జవాబు చెప్పాడు.

విశాఖ గెలుపు

2017 మేలో మళ్లీ ప్రపంచ ఫైనల్. సెల్బీ మీద 10-4తో ముందుండి కూడా 18-15తో ఓడిపోయాడు. అప్పటికి 42 ఏళ్లు నిండబోతున్నాయి. ఇక పని అయిపోయిందని పెదవి విరిచేందుకు అంతకంటే అనువైన సమయం ఉండదు. అయిదు నెలలు తిరగకుండానే ఇండియన్ ఓపెన్ ఆడేందుకు విశాఖ వచ్చాడు. ఢిల్లీ, ముంబయి, హైదరాబాద్‌ల తర్వాత ఆ పోటీలకు వేదికయ్యే అవకాశం మన నగరానికి దక్కింది. ఫైనల్లో ఎదురైనవాడు సాటి స్కాట్లండ్ ఆటగాడు ఆంథనీ మెక్‌గిల్. 2016లో హైదరాబాద్‌లో ఇదే కప్పు గెలిచినవాడు. హిగ్గిన్స్ 5-1తో తేల్చేశాడు. అది అతడి 29వ ర్యాంకింగ్ టైటిల్.

అక్కడితో ఆగలేదు. 2018, 2019 ప్రపంచ ఫైనల్స్‌లో ఓడినా మళ్లీ ఆడాడు. 2025 మార్చి, ఏప్రిల్ నెలల్లో వరల్డ్ ఓపెన్, టూర్ చాంపియన్‌షిప్ గెలిచి టైటిళ్ల లెక్క 33కు చేర్చాడు. అప్పటికి యాభై ఏళ్లకు కొన్ని వారాలే తక్కువ.

స్నూకర్ బల్ల కొనడం, దానికి సరిపడే గది చూడటం కంచరపాలెం కుర్రాడికి సులభం కాదు. క్లబ్బు గడప దాటడమూ అంత తేలిక కాదు. అయినా ఈ ఆటగాడి బతుకులో నేర్చుకునే పాఠానికి బల్ల అక్కర లేదు. డబ్బు ఎరగా చూపినప్పుడు అక్కడికక్కడే కాదనాలి. అనలేకపోతే దాని ఖరీదు ఏళ్ల తరబడి కట్టాలి. ఎదుటివాడు తొమ్మిది ఫ్రేములు గెలిచినా పదోది గెలిచేదాకా ఆట మిగిలే ఉంటుంది.