పాళ్లు కుదిరితే మిషను పదికాలాలు

పెరట్లో గడ్డి మోకాలెత్తు పెరిగితే కొడవలి వెతుక్కునే రోజులు తగ్గిపోయాయి. భుజానికి తగిలించుకునే గడ్డి కోత మిషను చాలా ఇళ్లకి వచ్చేసింది. పత్తి చేలో, మిరప తోటలో మందు కొట్టడానికి వీపున మోసే పవర్ స్ప్రేయరు, కొబ్బరి, పామాయిల్ తోటల్లో కలుపు తీయడానికి బ్రష్ కట్టరు, గాలివానకి పడిన కొమ్మలు కోయడానికి రంపం మిషను... ఇవన్నీ పొలం సామానే అయినా, వాటి పెట్రోలు సీసాలూ ఆయిలు డబ్బాలూ ఉండేది మాత్రం ఇంట్లోనే. మంచం కిందో, వంటింటి గుమ్మం పక్కనో, బియ్యం డ్రమ్ము వెనకో! "ఏమేవ్, ఆ పెట్రోలు సీసా ఇటందుకో" అంటే అందించేది మనమే. కొన్ని ఇళ్లల్లో మిషను భుజానేసుకుని తోటలోకి దిగేదీ మనమే.

అందుకని ఆ సీసాలో ఏం కలపాలి, ఎంత కలపాలి, ఎక్కడ దాచాలి అన్నది ఇంటి ఇల్లాలికి తెలిసి తీరాలి. పాళ్లు తప్పితే వేలు పోసి కొన్న మిషను మూలపడుతుంది. దాచడంలో తప్పితే పోయేది డబ్బు కాదు, ప్రాణం.

అసలు ఆయిలు ఎందుకు?

ఇంట్లో పాత బజాజ్ చేతక్ స్కూటరో, లూనానో ఉన్నవాళ్లకి గుర్తుండే ఉంటుంది. బంకుకి వెళ్తే పెట్రోలుతో పాటు 2టి ఆయిలు కూడా పోయించుకునేవారు. ఈ చిన్న మిషన్లలో చాలావాటిది అదే రకం ఇంజను. దీన్నే టూ స్ట్రోక్ అంటారు.

కారు ఇంజనులో ఆయిలుకి విడిగా తొట్టి ఉంటుంది. టూ స్ట్రోక్‌లో అది లేదు. పెట్రోలులో కలిసి వచ్చిన ఆయిలే లోపలి పిస్టనుకీ, బేరింగులకీ తడి అందించి, ఆ తర్వాత పెట్రోలుతో పాటే కాలిపోతుంది. తొట్టి లేదు కాబట్టే మిషను తేలికగా ఉంటుంది, ఎటు వంచినా ఆగకుండా నడుస్తుంది.

ఆయిలు కలపకుండా వట్టి పెట్రోలు పోశారనుకోండి. ఇనుము ఇనుముతో రాసుకుని, వేడెక్కి, కాసేపటికే పిస్టను పట్టేస్తుంది. మెకానిక్కులు "ఇంజను సీజైంది" అంటారే, అదే ఇది. ఆ రిపేరు ఖర్చు చూస్తే కొత్తది కొనుక్కోవడమే నయం అనిపిస్తుంది. పోనీ ఎక్కువ ఆయిలు పోస్తే మంచిదేగా అనుకోకండి. పొగ కమ్మేస్తుంది, ప్లగ్గు నల్లబడి స్టార్టవ్వదు, సైలెన్సరులో మసి పేరుకుంటుంది. ఆవకాయలో ఉప్పు లాంటిదే ఇది. తక్కువైనా పాడే, ఎక్కువైనా పాడే.

ముందు మీ మిషను ఏదో చూసుకోండి

గడ్డి మిషన్లన్నీ టూ స్ట్రోక్ కావు. ఫోర్ స్ట్రోక్‌వి కూడా అమ్ముతున్నారు. తేడా కనిపెట్టడం సులువే. పెట్రోలు మూత ఒకటి, ఇంజను ఆయిలుకి వేరే మూత ఒకటి ఉంటే అది ఫోర్ స్ట్రోక్. దానిలో వట్టి పెట్రోలే పొయ్యాలి. ఇంజనుకి ఒక్క మూతే ఉండి, దాని మీదో పక్కనో పెట్రోలు పంపు బొమ్మా, ఆయిలు చుక్క బొమ్మా కలిపి ఉంటే అది టూ స్ట్రోక్. రంపం మిషనులో మాత్రం రెండు మూతలుంటాయి. రెండోది గొలుసుకి వేసే ఆయిలుది. పొరబడకండి. అనుమానం వస్తే మిషనుతో ఇచ్చిన పుస్తకం తీసి చూడండి. అది పోతే కొన్న షాపులో అడగండి.

ఎంతకి ఎంత?

మిషను మీద 25:1 అనో, 40:1 అనో, 50:1 అనో రాసి ఉంటుంది. అంటే అన్ని పాళ్ల పెట్రోలుకి ఒక పాలు ఆయిలు అన్నమాట. మన లెక్కలోకి మారిస్తే ఇలా ఉంటుంది:

25:1 అయితే – లీటరుకి 40 మి.లీ., 2 లీటర్లకి 80 మి.లీ., 5 లీటర్లకి 200 మి.లీ.

40:1 అయితే – లీటరుకి 25 మి.లీ., 2 లీటర్లకి 50 మి.లీ., 5 లీటర్లకి 125 మి.లీ.

50:1 అయితే – లీటరుకి 20 మి.లీ., 2 లీటర్లకి 40 మి.లీ., 5 లీటర్లకి 100 మి.లీ.

ఈ మూడు లైన్లూ ఒక కాగితం మీద రాసి మిషను పెట్టే చోట గోడకి అంటించండి. పక్కింటి వాళ్లు ఎంత పోస్తున్నారన్నది మనకి అనవసరం. వాళ్ల మిషను వేరు, మన మిషను వేరు.

"ఒక మూతెడు పొయ్యి చాలు" అన్న లెక్క వద్దు. మూతలన్నీ ఒక్క సైజువి కావు. మందుల షాపులో సూది లేని 20 మి.లీ. సిరంజి అడిగితే ఇస్తారు. లీటరుకి ఒక సిరంజి అంటే 50:1 కుదిరినట్టే. రెండు సిరంజీలైతే 25:1. ఆ సిరంజి మీద గుర్తు పెట్టి ఆయిలు డబ్బాకే కట్టేయండి. వంటింటి చెంచాలు, పిల్లల టానిక్కు మూతలు, పురుగుమందు కొలిచే గ్లాసులు దీనికి వాడకూడదు. దీనికి వాడినవి మళ్లీ వాటికి పనికిరావు.

ఏ ఆయిలు కొనాలి?

గాలికి చల్లబడే ఇంజన్లకి తయారు చేసిన 2టి ఆయిలే కొనండి. డబ్బా మీద జాసో ఎఫ్‌సి గాని ఎఫ్‌డి గాని ఉంటే మంచి రకం. మోటారు సైకిల్లో పోసే ఇంజను ఆయిలు పనికిరాదు. అది కాలిపోవడానికి తయారైంది కాదు, మసి మిగులుతుంది. పడవ ఇంజన్ల ఆయిలు కూడా వద్దు. అది నీటితో చల్లబడే ఇంజన్ల కోసం. ఇక వంటనూనె, వాడేసిన పాత ఆయిలు సంగతి చెప్పనే అక్కర్లేదు.

కలిపే విధానం

ఆరుబయట, నీడలో, గాలి ఆడే చోట కలపండి. దగ్గర్లో పొయ్యి, దీపం, అగరొత్తి, బీడీ ఏదీ ఉండకూడదు.

పెట్రోలు దాచడానికి తయారు చేసిన శుభ్రమైన డబ్బా తీసుకుని నేల మీద పెట్టండి. ముందు సగం పెట్రోలు పొయ్యండి. కొలిచిన ఆయిలు అంతా పోసి, మూత బిగించి బాగా కుదపండి. తర్వాత మిగతా పెట్రోలు పోసి మళ్లీ కుదపండి. డబ్బా నిండా కాకుండా పైన కొంత ఖాళీ ఉంచాలి. ఎండకి పెట్రోలు వ్యాకోచిస్తుంది. మిషను ట్యాంకులోనే పెట్రోలు, ఆయిలు విడివిడిగా పోస్తే సరిగ్గా కలవదు. ట్యాంకు నింపే ప్రతిసారీ డబ్బాని ఒకసారి కుదిపి, వడపోత ఉన్న గరాటుతో పొయ్యండి.

ఇంజను నడుస్తుండగా గాని, కాలుతుండగా గాని పెట్రోలు పోయకండి. పది నిమిషాలు చల్లారనివ్వాలి. ఒలికితే తుడిచి, ఆరాక, పోసిన చోటునుంచి మూడు నాలుగు గజాల దూరం జరిగి స్టార్టు చెయ్యాలి.

ఎన్నాళ్లు నిలవుంటుంది?

ఇది పచ్చడి కాదు, ఏడాదికి సరిపడా పెట్టుకోవడానికి! నెల రోజుల్లో అయిపోయేంత మాత్రమే కలుపుకోండి. అన్నాళ్లలో తేలిక భాగం ఆవిరైపోయి మిగిలింది జిగురు కడుతుంది. కార్బురేటరులోని సన్నని దారులు మూసుకుపోతాయి.

ఇప్పుడు ఇంకో సంగతి కూడా ఉంది. 2025 నాటికి మన దేశంలో పెట్రోలులో ఇథనాలు 20 శాతం దాకా కలుస్తోంది. ఇథనాలుకి తేమని పీల్చుకునే గుణం ఉంది. మూత వదులుగా ఉండి తేమ చేరితే నీరూ ఇథనాలూ కలిసి అడుక్కి దిగిపోతాయి. ఆ అడుగు నీళ్లలో ఆయిలు ఉండదు. అదే ఇంజనులోకి వెళ్తే వట్టి పెట్రోలు పోసినట్టే నష్టం. రబ్బరు గొట్టాలు కూడా త్వరగా పాడవుతాయి. అందుకే వానాకాలంలో మరీ జాగ్రత్త. డబ్బా మీద కలిపిన తేదీ, పాళ్లు రాసి పెట్టండి.

పని సీజను అయిపోయాక ట్యాంకు ఖాళీ చేసి, మిగిలిన చుక్క అయిపోయి దానంతటదే ఆగేదాకా ఇంజను నడిపి అప్పుడు అటక ఎక్కించండి. పాతబడి వార్నిషు వాసన కొట్టేదాన్ని మురుగు కాలవలో గాని, చెట్టు మొదట్లో గాని పారబోయొద్దు. పొయ్యి అంటించడానికి అసలే వాడొద్దు. పాత ఆయిలు పోగుచేసే మెకానిక్ షెడ్డుకి ఇచ్చేయండి.

ఇంట్లో ఎక్కడ పెట్టాలి?

అసలు విషయం ఇదే. కిరసనాయిలు మనకి అలవాటు కాబట్టి పెట్రోలుని కూడా అలాగే చూస్తాం. రెండూ ఒకటి కాదు. కిరసనాయిలు కాస్త వేడెక్కితేగాని అంటుకునేంత ఆవిరి ఇవ్వదు. పెట్రోలు ఎంత చలిలోనైనా ఆవిరి వదులుతూనే ఉంటుంది. ఆ ఆవిరి గాలికన్నా బరువు. గ్యాసు లీకైనట్టే నేల వెంట పాకుతూ పోయి, గదికి అవతల ఉన్న పొయ్యినో, దేవుడి దీపాన్నో అందుకుంటుంది. మంట సీసా దాకా వెనక్కి వస్తుంది.

కాబట్టి వంటింట్లో, పడకగదిలో, దేవుడి గదిలో, మెట్ల కింద గ్యాసు బండ పక్కన పెట్టకూడదు. ఇంటికి ఎడంగా, గాలి ఆడే, ఎండ తగలని, తాళం వేసే చోటే పెట్టాలి. 1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా, అమ్మకానికి కాకుండా మొత్తం 30 లీటర్ల వరకే ఉంచుకోవచ్చు. మనకి అంత అవసరమే లేదు. రెండు మూడు లీటర్లు చాలు.

కూల్‌డ్రింకు, మంచినీళ్ల సీసాల్లో మాత్రం పోయకండి. 2టి ఆయిలుకి రంగు కలుపుతారు. కలిపిన పెట్రోలు అచ్చం షర్బత్తులా కనిపిస్తుంది. ఎండలో ఆడి వచ్చిన పిల్లాడికి ఆ సీసా ఏదో ఎలా తెలుస్తుంది? డబ్బా మీద పెద్ద అక్షరాలతో "పెట్రోలు" అని రాయండి. చదువు రాని వాళ్ల కోసం మంట బొమ్మ కూడా వెయ్యండి.

పొరపాటున తాగితే

వాంతి చేయించకండి. ఉప్పునీళ్లు తాగించడం, గొంతులో వేలు పెట్టడం వద్దు. పెట్రోలు కడుపులో చేసేదానికన్నా, వాంతిలో ఊపిరితిత్తుల్లోకి వెళ్తే చేసే హాని ఎక్కువ. దానంతట అదే వాంతి అయితే ముందుకి వంచి పట్టుకోండి. వెంటనే 108కి ఫోను చెయ్యండి, సీసా కూడా ఆసుపత్రికి తీసుకెళ్లండి. పైకి బాగానే ఉన్నాడు కదా అని ఊరుకోవద్దు. కొన్ని గంటల తర్వాత కూడా ఆయాసం మొదలవచ్చు. గొట్టం పెట్టి నోటితో పెట్రోలు లాగే పెద్దవాళ్లకీ ఇదే ప్రమాదం. ఆ అలవాటు ఇంట్లో ఎవరికున్నా మాన్పించండి.

కంట్లో పడితే పావుగంట సేపు నీళ్లతో కడిగి డాక్టరుకి చూపించండి. చేతులకి అంటితే సబ్బుతో కడగండి. పెట్రోలు పడిన చీరైనా, లుంగీ అయినా వాషింగ్ మిషన్లో వెయ్యకండి. ఆరుబయట బాగా ఆరనిచ్చి చేత్తో ఉతకండి. మంట లేస్తే నీళ్లు కుమ్మరించొద్దు. పెట్రోలు నీళ్ల మీద తేలి మంట ఇంకా పాకుతుంది. చిన్న మంటైతే ఇసుకో మట్టో కప్పండి. పెద్దదైతే అందరినీ బయటికి తెచ్చి 101కి చెప్పండి.

ఈ ఆదివారం ఒక పని చెయ్యండి. ఇల్లంతా వెతికి పెట్రోలు సీసాలు ఎక్కడెక్కడున్నాయో చూడండి. ఉన్నదంతా ఒక్క మంచి డబ్బాలోకి మార్చి, పేరు, తేదీ, పాళ్లు రాసి, పిల్లలకి అందని చోట తాళం వెయ్యండి. తాళం చెవి మీ దగ్గరే ఉంచుకోండి.