న్యాయవిద్యార్థి – వృత్తిధర్మము

శ్రీకాళహస్తి గ్రామసీమల పెద్దలారా! మీ మనుమడు న్యాయశాస్త్రము చదువుచున్నచో, ఎన్ని సెక్షనులు నేర్చెనని కాక, కక్షిదారుతో ఎట్లు మాటలాడునో చూడుడు.

1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము లా కాలేజీలలో ఉచిత న్యాయసలహా కేంద్రములను ప్రోత్సహించుచున్నది. వృత్తిధర్మము పట్టువడునది అచటనే. స్వర్ణముఖి చెంతనుండి గెనిమ తగవుతో వచ్చిన రైతు మాట తుదివరకు వినవలెను. విన్న రహస్యమును దాచవలెను. దస్తావేజు బలము లేనిచో, గురువును సంప్రదించి, "ఈ దావా నిలువ"దని చెప్పవలెను. ఇందుకు గుండెదిటవు కావలెను. దావా వేయించినచో ఫీజు వచ్చును గదా! గెలిచిన భూమిలో వాటాను ఫీజుగా మాటలాడుకొనుట బార్ కౌన్సిలు నియమములకు విరుద్ధము. మీరును అట్టి ఒడంబడికకు సమ్మతింపవలదు.

తగవులాడు ఇరుపక్షములను లోక్ అదాలతుకు ఒప్పించి తెచ్చుట నాయకత్వము. అచట కుదిరిన రాజీ సివిలు కోర్టు డిక్రీతో సమానము. దానిపై అప్పీలు లేదు.